గ్రహణమొర్రి బాధితులకు దంత సహాయం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ నివేదిక అంగిలి చీలిక ఉన్నవారికి ప్లేట్లు, కట్టుడు పళ్లు అమర్చే పని గురించి మాత్రమే.

పసివాళ్ల ఫీడింగ్ ప్లేటుకు (పాలు పట్టేటప్పుడు అంగిలి చీలికను కప్పే పలకకు) ముద్దలా ఉండే పుట్టీ సిలికాన్‌తోనే నోటి అచ్చు తీయిస్తున్నాం. అచ్చుకు వాడే మరో పదార్థం ఆల్జినేట్ చవకే గానీ చీలికలో చిక్కి తెగుతుంది, ఆ ముక్క శ్వాసనాళంలోకి పోవచ్చు. బిడ్డకు మత్తు ఇవ్వరు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ముఖం కిందికి ఉండేలా పట్టుకుని, నోట్లోంచి ముక్కలు, తడి పీల్చే సక్షన్ పరికరం పక్కన పెట్టుకునే అచ్చు తీస్తారు. ఆ సమయంలో ఏడిస్తే తల్లులు కంగారుపడొద్దు. ఏడుపు వినిపిస్తోందంటే గాలి ఆడుతోందన్నమాట. తర్వాత ఆ అచ్చుతో చేసిన మూసలో చీలికను మైనంతో పూడ్చి, అక్రిలిక్ ప్లేటు చేసి, జారిపోతే బయటికి లాగడానికి దారం కడతారు.

ప్లేటు పెట్టగానే బిడ్డ రొమ్ము చీకుతుందని చాలామంది ఆశపడుతున్నారు. వెనకున్న మెత్తటి అంగిలి తెరిచే ఉంటుంది కాబట్టి చాలామందికి ఆ పట్టు రాదు. తల ఎత్తి పెట్టి ఉగ్గుగిన్నెతోనో, నొక్కితే పాలొచ్చే మెత్తటి సీసాతోనో పట్టాలి. పట్టాక ప్లేటు తీసి కడగాలి. మరిగే నీళ్లలో మాత్రం వేయొద్దు, వంకరపోతుంది. మర్నాడే చిగుళ్లు చూపించాలి. ఎర్రబడిన చోట అంచు అరగదీస్తే సరిపోతుంది. దవడ పెరిగేకొద్దీ ప్లేటు బిగుతవుతుంది, అప్పుడు కొత్తది చేయించాల్సిందే.

సర్జరీ తర్వాత కూడా మాట ముక్కులోంచి వచ్చేవారిలో కొందరికి స్పీచ్ బల్బు (మాట్లాడేటప్పుడు గాలి ముక్కులోకి పోకుండా అంగిలి వెనక ఖాళీని పూడ్చే, ప్లేటుకు అమర్చిన గుండ్రటి ముద్ద) పెట్టించాం. అన్నిటికంటే ఓపిక కావాల్సింది దీనికే. అంగిట్లో రంధ్రం మిగిలి ఉంటే, వాజలిన్ రాసిన గాజుగుడ్డకు దారం కట్టి దాన్ని మూశాకే అచ్చు తీయాలి. ముందు క్లాస్పులు (పళ్లను పట్టుకునే తీగ కొక్కేలు) ఉన్న ప్లేటు ఒక్కటే ఇచ్చి అలవాటు చేస్తారు. తర్వాత దానికి వెనక్కి తోకలాంటి కాడ, ఆ తోక చివర వేడితో మెత్తబరిచిన గ్రీన్‌స్టిక్ (అచ్చుకు వాడే లక్కలాంటి పదార్థం) పెట్టి, తల అటూ ఇటూ తిప్పిస్తూ, గడ్డం ఛాతీకి ఆనిస్తూ, మింగిస్తూ ఆకారం రాబడతారు. బల్బు చిన్నదైతే "పాప" అన్నది "మామ"లా వినిపిస్తుంది, నీళ్లు ముక్కులోకి వస్తాయి. పెద్దదైతే "అమ్మ" కాస్తా "అబ్బ" అవుతుంది, నిద్రలో గురక, మింగేటప్పుడు నొప్పి. బల్బు కుదిరాక కూడా స్పీచ్ థెరపీ మానకూడదు, పాత ఉచ్చారణ అలవాటు దానంతటది పోదు.

చీలిక పక్కన పన్ను లేని టీనేజీ పిల్లలకు పక్క పళ్లకు అతికించే బ్రిడ్జి (కట్టుడు పన్ను) చాలు. ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే పన్ను) మాట ఎముక ఎదుగుదల ఆగాకే, అదీ చీలికలో పెట్టిన ఎముక గ్రాఫ్టు (అతికించిన ఎముక) నిలిస్తేనే.

పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం స్క్రీనింగ్ జాబితాలో మొర్రి, అంగిలి చీలిక ఉన్నాయి. కొత్త కుటుంబాలను ముందు అక్కడికే పంపుతున్నాం.

అమర్చాక సరిచేయించుకోవడానికి రాకపోవడం వల్లే ఎక్కువ ప్లేట్లు మూలపడుతున్నాయి. అందుకే వచ్చే ఏడాది కొత్త ప్లేట్ల కంటే దారి ఖర్చులకే ముందు డబ్బు కేటాయించాలని కార్యవర్గం ప్రతిపాదన. వచ్చేటప్పుడు పాత ప్లేటును తడిగుడ్డలో చుట్టి తెండి, వదులైందని పారేయకండి. చాలాసార్లు దానికే కొత్త అక్రిలిక్ కలిపి సరిచేయొచ్చు.