నార్లీకర్ గారి కథల సభకు అండగా నిలిచిన అందరికీ

జయంత్ విష్ణు నార్లీకర్ గారు 2025 మే 20న పుణెలో నిద్రలోనే కన్నుమూశారన్న కబురు తెలిసినప్పటి నుంచి మా పాఠక మిత్రులందరిలో ఒకటే దిగులు. పత్రికలు ఆయనను ఖగోళ శాస్త్రవేత్తగా తలచుకున్నాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి ప్రతిపాదించిన గురుత్వాకర్షణ సిద్ధాంతం, 1988లో పుణెలో నెలకొల్పిన ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా, పద్మవిభూషణ్, అన్నీ రాశాయి. రాయవలసినవే. మాకు మాత్రం పోయింది కథలు చెప్పే మనిషి. దశాబ్దాల పాటు మరాఠీలో వైజ్ఞానిక కల్పన రాసిన ఆ పెద్దాయనను ఆయన కథలతోనే సాగనంపాలనుకున్నాం. మాలో చాలామందికి మరాఠీ రాదు. అయినా హైదరాబాదులో గత ఆదివారం ఆ సభ నిండుగా జరిగిందంటే అది మీ చలవే.

ముందుగా కాచిగూడ నుంచి వచ్చిన మరాఠీ టీచరుగారికి నమస్కారాలు. అమ్మా, మీరు ఒక పేరా మరాఠీలో చదివి, వెంటనే తెలుగులో చెబుతూ ‘ధూమకేతు’ కథను మా ముందు నిలబెట్టారు. రాత్రుళ్లు మంచులో కూర్చుని ఆకాశం చూసే దత్తదా కొత్త తోకచుక్కను కనిపెట్టడం, అది భూమిని ఢీకొంటుందని తేలడం, శాస్త్రవేత్తలు అణు విస్ఫోటంతో దాని దారి మళ్లించడం, ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. దత్తదా ఇంటికి తిరిగి వచ్చేసరికి, తాము చేయించిన యజ్ఞం వల్లే గండం గడిచిందని భార్య ఇంద్రాణి నమ్ముతూ ఉంటుంది. ఆ మాటలను మీరు వెటకారంగా చదవలేదు. ఇంటిల్లిపాదీ క్షేమం కోరుకునే ఇల్లాలి ఆరాటంతో చదివారు. దత్తదా నిస్సహాయత ఎంత లోతైనదో మాకు అప్పుడు బోధపడింది. తోకచుక్కను మళ్లించినంత సులువుగా మనుషుల నమ్మకాలు మళ్లవు కదా!

ఆయన తొలి కథను ‘నారాయణ్ వినాయక్ జగతాప్’ అనే మారుపేరుతో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి పంపి బహుమతి గెలుచుకున్న సంగతి కూడా మీరు చెప్పిందే. అసలు పేరులోని పొడి అక్షరాలు తిరగేస్తే ఆ పేరు. అప్పటికే పేరు మోసిన శాస్త్రవేత్త, కథ తన బలం మీదే నిలబడాలనుకోవడం నాకెంతో నచ్చింది.

ఈసీఐఎల్ దగ్గరి బెలూన్ కేంద్రం గురించి చెప్పిన విశ్రాంత ఉద్యోగి బాబాయిగారికి మేమంతా రుణపడి ఉన్నాం. మన ఊరికీ నార్లీకర్ గారికీ ఇంత చుట్టరికం ఉందని మాలో ఎందరికి తెలుసు? నార్లీకర్ గారి సారథ్యంలోని పరిశోధన కోసం 2005 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచే 459 కిలోల పరికరాలతో పెద్ద బెలూన్ ఎగిరింది. ద్రవ నియాన్‌తో చల్లబరచిన ఉక్కు గొట్టాలలో 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలిని పట్టి తెచ్చింది. మన ఊరి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ పుణెలోనూ పరీక్షిస్తే అందులో మూడు కొత్త జాతుల బ్యాక్టీరియా కనిపించాయి. ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. జీవం అంతరిక్షం నుంచి వచ్చి ఉంటుందా అన్నది ఆ పరిశోధన వెనుక ఉన్న ప్రశ్న. కానీ అవి అక్కడివేనని ఈ ప్రయోగం తేల్చలేదని ఆ బృందమే స్పష్టంగా చెప్పింది. కథలో ఎంత దూరమైనా వెళ్లే మనిషి ప్రయోగశాలలో గీత దాటకపోవడం, నా దృష్టిలో, ఆయన పురస్కారాలన్నిటికన్నా గొప్ప విషయం.

ఇక పోస్టుకార్డుల సంగతి. ఆటోగ్రాఫు అడిగిన పిల్లలతో నార్లీకర్ గారు, పోస్టుకార్డు మీద ఒక ప్రశ్న రాసి పంపమనేవారు. జవాబు రాసి, దాని కింద సంతకం చేసేవారు. మన పిల్లలతోనూ అలాగే రాయిద్దామంటే ఈ రోజుల్లో కార్డులు దొరకడమే కష్టమైంది. వెతికి తెప్పించి ఇచ్చిన పోస్టాఫీసు అక్కయ్యకు ధన్యవాదాలు. అర్ధరూపాయి కార్డే కదా అని తీసిపారేయలేదు ఆవిడ.

జవాబులు రాస్తున్న ఫిజిక్స్ మాస్టారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. “నక్షత్రం ఇప్పుడు లేకపోతే, మనం చూసింది దాన్నేనా?” అని ఒక పాప అడిగింది. మాస్టారు కార్డు అంచుల దాకా సన్నటి అక్షరాలతో నింపేశారు. ఆర్ద్ర నక్షత్రం వెలుతురు మనల్ని చేరడానికి కొన్ని వందల ఏళ్లు పడుతుందని, ఆర్ద్ర కార్తెలో సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి ఇప్పుడు కనిపించదని, చలికాలంలో మేడ మీదికి వస్తే చూపిస్తానని రాశారు.

హాలు ఉచితంగా ఇచ్చినవారికి, ఉప్మా, టీ చూసుకున్న తమ్ముళ్లకు, పదకొండో తరగతి ఇంగ్లిషు పుస్తకంలో ఆయన పానిపట్టు కథ చదివిన గుర్తుతో వెతుక్కుంటూ వచ్చిన విద్యార్థులకు, రాత్రంతా బస్సులో కూర్చుని ఆదిలాబాద్ నుంచి వచ్చిన పెద్దాయనకు పేరుపేరునా కృతజ్ఞతలు. టీచరుగారు వచ్చే నెల ‘వైరస్’ నవల చెప్పడానికి ఒప్పుకున్నారు. ఇంకా జవాబులు అందని పిల్లలు కొందరున్నారు. మాస్టారు రాస్తూనే ఉన్నారు, కార్డులు నేరుగా మీ ఇళ్లకే వస్తాయి.