చివరి రోజు ప్రయాణానికి ఆగే చోటేది?

సంపాదకులకు నమస్కారం.

వసంతకాలపు సెలవులు ముగిసే వేళ రహదారుల నిండా ఇంటిముఖం పట్టిన కార్లే కనిపిస్తాయి. పైన సామాను, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు, ముందు సీట్లో రోజుల తరబడి స్టీరింగ్ వదలని ఒక మనిషి. ఈ సుదీర్ఘ ప్రయాణాల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఇల్లు చేరే చివరి రోజునే. అయినా ఆ రోజును మన రహదారి వ్యవస్థ పూర్తిగా డ్రైవరు ఓపికకే వదిలేసింది. అలసిన మనిషి కారు పక్కకు తీసి ఇరవై నిమిషాలు నిర్భయంగా కన్ను మూసే చోటును ప్రతి పెద్ద రహదారి మీదా ఏర్పాటు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

చివరి రోజు అలసట ఆ ఒక్క రోజుది కాదు. కొత్త చోట్ల, కొత్త పక్కల మీద సగం సగం పట్టిన నిద్ర అంతా అప్పులా పేరుకుని అప్పటికి వసూలుకు వస్తుంది. దానికి తోడు మర్నాడు ఉద్యోగం, పిల్లలకు బడి. అందుకే తెల్లవారకముందే బయలుదేరుతారు, దారిలో ఆగడాలు తగ్గించేస్తారు. "ఇంకెంత, రెండు గంటల్లో ఇంట్లో ఉంటాం" అన్న మాట కారులో మొదలైన దగ్గర్నుంచి ఎవరూ ఆగుదామనరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య, భోజనం చేసినా చేయకపోయినా, శరీరం తనంతట తానే మగతలోకి జారుతుంది. అది దాటితే వాలుపొద్దు ఎండ. మార్చి 20 ప్రాంతంలో సూర్యుడు దాదాపు సరిగ్గా పడమరనే అస్తమిస్తాడు కాబట్టి పడమటికి సాగే తిన్నని రోడ్డు మీద సాయంత్రం ఎండ నేరుగా డ్రైవరు కళ్లలోనే పడుతుంది. ప్రయాణమంతా ముందద్దం మీద చేరిన దుమ్ము, అతుక్కుపోయిన పురుగుల మరకలు ఆ వెలుగులో తెల్లటి తెరలా మారి, ముందు వెళ్లే బండి బ్రేకు దీపాలు సైతం కనబడవు. అప్పటికే మండుతున్న కళ్లను ఇంకా చికిలించి చూడవలసి వస్తుంది. 

ఇదంతా మనోబలంతో నెట్టుకురాగల విషయమని చాలామంది నమ్మకం. కానీ పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుందని 1997లో 'నేచర్' అనే విజ్ఞానశాస్త్ర పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. చాలా దేశాల్లో డ్రైవర్లకు చట్టం విధించిన పరిమితి అదే. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన వ్యక్తి రాత్రి తొమ్మిదింటికల్లా ఆ స్థితికి చేరుకుంటాడు. ఇల్లు దగ్గరపడేదీ సరిగ్గా అప్పుడే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ నాలుగు సెకన్లు రెప్ప వాలితే కారు 111 మీటర్లు తనను నడిపేవాళ్లెవరూ లేకుండానే పోతుంది. పాటల శబ్దం పెంచడం, కిటికీ దించి గాలి తగిలించుకోవడం కొద్ది నిమిషాల ముచ్చటే. కాఫీ పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది. కాబట్టి కాఫీ తాగి, అది ఎక్కేలోపు పావుగంటో ఇరవై నిమిషాలో కునుకు తీయడం ఉన్నంతలో మేలైన ఉపాయం. తీయడానికి చోటుంటే కదా!

జీతానికి బండి నడిపేవారి విషయంలో చట్టాలు ఈ సంగతిని ఏనాడో గుర్తించాయి. ఐరోపా సమాఖ్యలో లారీ, బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. అమెరికాలో సరుకు లారీ డ్రైవరుకు వరుసగా పది గంటల విరామం తరువాత పదకొండు గంటలకు మించి నడిపే వీలు లేదు. భారత్‌లో 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పనిని పరిమితిగా పెట్టింది. ఇలాంటి నియమాలు ఎంతవరకు అమలవుతున్నాయన్నది వేరే చర్చ. సొంత కారు నడిపే తండ్రికో, తల్లికో మాత్రం ఏ పరిమితీ లేదు, పెట్టాలని నేను అడగడమూ లేదు. ప్రతి కుటుంబం గంటలనూ లెక్కపెట్టే యంత్రాంగం ఎక్కడా సాధ్యం కాదు. చట్టం చేయలేని పనిని చోటు చేయగలదు.

ఇప్పుడు రహదారుల పక్కన తినడానికీ, ఇంధనం పోయించుకోవడానికీ కావలసినన్ని చోట్లు ఉన్నాయి. అక్కడ నిద్ర పట్టదు. కళ్లు చెదిరే దీపాలు, హారన్ల మోత, కారు ఆపిన నిమిషానికే అద్దం తట్టి ఏం కావాలని అడిగే మనిషి. ఏమీ కొనకుండా ఊరికే పడుకుంటామంటే బండి తీయమంటారు. రోడ్డు అంచునే ఆపుకొని పడుకుంటే వెనక నుంచి వచ్చి గుద్దే వాహనం భయం. అందుకని ఆపకుండానే పోతారు. నేను కోరుతున్నది పెద్ద కట్టడమేమీ కాదు. లారీలకు దూరంగా కార్లకు విడిగా చదునైన స్థలం, నాలుగు చెట్ల నీడ, రాత్రంతా తెరిచి ఉండే శుభ్రమైన మరుగుదొడ్డి, కంట్లో పడని దీపాలు, ఒక కాపలాదారు. వీటికి తోడు "తరువాతి విశ్రాంతి స్థలం ఇన్ని కిలోమీటర్లు" అని చెప్పే బోర్డు. నా దృష్టిలో ఆ బోర్డే కీలకం. ముందు మరొకటి ఉందో లేదో తెలియనివాడు ఇక్కడ ఆగాలా వద్దా అన్నది తేల్చుకోలేడు. జపాన్‌లో 1993 నుంచి 'మిచి నో ఎకి' పేరుతో ఇలాంటి రోడ్డు మజిలీలను నడుపుతున్నారు. రోజంతా ఉచితంగా బండి నిలుపుకోవడం, మరుగుదొడ్లు వాడుకోవడం అక్కడ ప్రాథమిక షరతు.

దారి చూపే మొబైల్ యాప్‌ల తయారీదారులకు కూడా ఒక మనవి. ఇల్లు చేరే సమయాన్ని నిమిషాలతో సహా చూపే ఆ తెరలు మధ్యలో ఆగుతారన్న ఊహే లేకుండా లెక్క వేస్తాయి. ఆగిన ప్రతిసారీ ఆ సమయం మరింత ఆలస్యమవడం చూసి, దానితో పందెం వేసినట్టు నడిపేవారు ఎందరో ఉన్నారు. దూరాన్ని బట్టి విరామాలను ముందే కలిపి చూపడం వారికి కష్టమైన పని కాదు.

చివరగా మీ పత్రికకు. మద్యాన్ని పట్టిచ్చే శ్వాస పరీక్ష ఉంది గానీ నిద్రమత్తును కొలిచే అలాంటి పరికరం పోలీసుల చేతిలో లేదు. అందుకే ప్రమాద వార్తలు "డ్రైవరు నిద్రమత్తే కారణమని భావిస్తున్నారు" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతున్నాయి. ఇకపై అలాంటి వార్త రాసేటప్పుడు ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడు, బయలుదేరేముందు ఎంతసేపు నిద్రపోయాడు, ప్రమాద స్థలానికి ముందు ఆగడానికి వీలైన చోటు ఎంత దూరంలో ఉంది అన్న వివరాలను మీ విలేకరులు సేకరించి ప్రచురించగలరని మనవి. ఒక్క ఏడాది అలా రాసినా విశ్రాంతి స్థలాలు ముందుగా ఎక్కడ కట్టాలో రహదారుల శాఖకు మీ పాత సంచికలే చెబుతాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు