కప్పు కొట్టాలంటే ముందు కప్పు ఎత్తు పెంచాలి

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. కోనసీమలో కొడుకు చేతికి రాకెట్ ఇచ్చే ప్రతి తండ్రీ ఇప్పుడు ఆ పేరే తలుచుకుంటాడు. లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఒలింపిక్స్ పురుషుల డబుల్స్‌కి దేశం నుంచి మహా అయితే రెండు జోడీలు, అదీ రెండూ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి ఎనిమిదిలో ఉంటేనే. అంటే నాలుగేళ్లకోసారి నలుగురు! ఆ లెక్క మీరూ మార్చలేరు, మేమూ మార్చలేం. మన పిల్లలు అంతదూరం పోకముందే, రాష్ట్ర పోటీల్లోనే ఎందుకు ఓడుతున్నారో అది మాత్రం మార్చవచ్చు.

మన పిల్లలు షటిల్ ఆడే షెడ్లలో చాలావాటికి రేకులు ఆరేడు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. కోర్టు మీద కనీసం 9 మీటర్లు ఖాళీ కావాలి, పెద్ద పోటీలకైతే 12. షటిల్ రేకుకు తగులుతుందని పిల్లవాడు లాబ్, అంటే షటిల్‌ను ఎత్తుగా వెనక గీత దాకా పంపే దెబ్బ, ఎత్తడమే మానేస్తాడు. ఎత్తైన హాలుకు వెళ్లాక, వెనక గీత మీద నిటారుగా దిగే షటిల్ కింద నిలబడి టైమింగ్ తప్పుతాడు.

ఇక నేల. డెల్టాలో కొద్ది అడుగులు తవ్వితే నీరే. బెడ్ కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ షీటు పరవకపోతే చెమ్మ పైకి పాకి, మ్యాట్ జిగురు వదిలి బుడగలు లేస్తుంది. హాలు అంచనాలో ఆ షీటు ఖర్చు ఏపాటిది? సరిగ్గా అక్కడే డబ్బు మిగులుస్తారు. మ్యాట్ నేరుగా సిమెంటు మీద వేస్తే మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంటుంది. మ్యాట్ కింద చెక్క, చెక్క కింద గాలాడే ఖాళీ, గోడల అడుగున రంధ్రాలు ఉండాలి. లేకపోతే మన చెమ్మకు చెక్క ఉబ్బుతుంది.

ప్లాస్టిక్ షటిల్‌తో నేర్చుకున్నవాళ్లు పోటీలో ఈకల షటిల్‌తో ఆడాల్సి వస్తుంది. అది వేగంగా బయలుదేరి, చివర్లో ఒక్కసారిగా నెమ్మదించి కిందికి దిగుతుంది. నెట్ దగ్గర అంచనా తారుమారు. కిట్లలో బ్యాగులు, టీషర్టులు తగ్గించి ఈకల షటిళ్లు ఇప్పించండి. షటిల్ వేగానికి నంబర్లుంటాయి, నంబరు పెరిగితే వేగం పెరుగుతుంది. ఎండాకాలానికి 75 స్పీడు, మిగతా రోజులకు 76. మన వేడి గాలిలో 77 నంబరు షటిల్ వెనక గీత దాటిపోతుంది.

64 మంది నాకౌట్‌లో 32 మంది ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతారు. నలుగురేసి గ్రూపులు చేస్తే తలా మూడు మ్యాచ్‌లు దక్కుతాయి. మొదటి దశకే 32 బదులు 96 మ్యాచ్‌లు కాబట్టి ఇంకో రోజు పడుతుంది, పడనివ్వండి.

ఆట కోసం బడి మానిన పిల్లలకు ఓపెన్ స్కూల్ ఫీజు ప్రభుత్వమే కట్టాలి. అండర్-17 దాటాక జట్టులో చోటు దొరకనివాళ్లకు అంపైరింగ్, గట్టింగ్ (రాకెట్‌కు తీగలు బిగించడం) నేర్పించండి. తీగల బిగువు 24 పౌండ్లు అడిగితే 24 పౌండ్లే బిగించే మనిషి ఉంటే ప్రతి కోర్టు దగ్గరా పని ఉంటుంది.

ఇట్లు,
కోనసీమలో షటిల్ నేర్పే కోచ్‌లు