డిసెంబరు 15 లోపు

పర్లాకిమిడి,
డిసెంబరు 4, 2025, లక్ష్మివారం

చి.ల.సౌ. అమ్ములుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, చిన్నది క్షేమమని తలుస్తాను. తలుస్తాను అని ఎందుకు రాశానంటే, ఫోన్లో నువ్వు చెప్పేది "బాగున్నాం అమ్మా" ఒక్కటే. అది చెప్పీ చెప్పకుండానే చిన్నదాని చేతికి ఫోన్ ఇచ్చేస్తావు. అది నాకు దాని కొత్త పన్ను చూపిస్తుంది, నేను ఆనందపడిపోతాను, నువ్వు తప్పించుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. రాసి ఇస్తే నాన్న ఫోటోలు తీసి నీకు వాట్సాప్‌లో పెడతారు. చదవడం మొదలుపెట్టాక మధ్యలో ఫోన్ ఎవరికీ ఇవ్వలేవు కదా.

ఇవాళ మార్గశిర లక్ష్మివారం. పక్కింటి మౌసీ తెల్లారకముందే వాకిలి నిండా ఝోటి ముగ్గులు వేసేసి, కొత్త వడ్లు నింపిన మాణ, ఆ కొలపాత్రనే లక్ష్మిగా పూజకి పెట్టుకుంది. నేను మన పద్ధతిలో పరమాన్నం చేశాను. నాన్నకి షుగర్ కదా అని రెండు చెంచాలు మాత్రమే పెట్టాను. ఆయన బుద్ధిగా తిని, పేపరు తెచ్చుకుంటానని చెప్పి మౌసీ ఇంట్లో పీఠాలు, అదే వాళ్ళ తీపి పిండివంటలు, తిని వచ్చారు. మీసానికి కొబ్బరి అంటుకుని ఉంది. ఇంకా పేపరెక్కడ, అని అడగలేదు నేను.

పాతపట్నం పెళ్ళి బాగా జరిగింది. నీ తరఫున వెయ్యి నూట పదహార్లు చదివించాం. సరోజక్క కూడా వచ్చింది. నా పక్కన కూర్చుని, పులిహోర వడ్డిస్తుంటే, "మీ అల్లుడు ఉద్యోగం మానేసి ఫ్రెండుతో కలిసి సొంతంగా ఏదో పెట్టాడటగా, ఇన్సూరెన్సు కూడా లేకుండా ఉంటున్నారటగా, మా వాడు చెప్పాడు" అంది. డాలస్‌లో మీకు నాలుగిళ్ళ అవతలే కదా వాళ్ళబ్బాయి. నేను "అవునక్కా, మాకు తెలుసు" అన్నాను. మరి తెలియదని ఎలా అంటాను? మన పిల్ల సంగతి పెళ్ళిపందిట్లో ఇంకొకరి నోట విన్నానని తెలిస్తే ఎంత చిన్నతనం.

సొంతంగా పెట్టుకోవడం గురించి నాకే అభ్యంతరమూ లేదు. అల్లుడుగారు తెలివైనవారు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగారంటేనే ఆలోచన ఉన్న మనిషని తెలుస్తోంది. నీది కాంట్రాక్టు పని, దాంట్లో ఇన్సూరెన్సు రాదని నువ్వే ఒకసారి చెప్పావు. అందుకే అడుగుతున్నాను. ఉందా, లేదా? ఒక్క ముక్క చెప్పు.

సరే, ఇంటి సంగతులు రాస్తాను. నాన్నకి కార్డు వచ్చింది. ఆయుష్మాన్ వయ వందన అని, 70 దాటినవాళ్ళకి ఇస్తున్నారు, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఫోటోలో దొంగని పట్టుకొచ్చినట్టు ఉన్నారు. ఈ ఢిల్లీ పథకం 2018లోనే మొదలైనా, మాకు మా బిజూ స్వాస్థ్య కల్యాణ్ ఉంది, మీది మాకొద్దని ఒడిశా ఇన్నాళ్ళూ పట్టుపట్టి కూర్చుంది. 2024లో గవర్నమెంటు మారింది, ఈ జనవరిలో సంతకాలయ్యాయి, ఏప్రిల్ నుంచి కార్డులు ఇస్తున్నారు. మన అప్పాయమ్మ కూడా తెచ్చుకుంది. వాళ్ళ కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఆ పైన ఇంకో 5 లక్షలు. కార్డు పుచ్చుకున్న రోజున ఇల్లు తుడవడం మానేసి గంటసేపు నాకు చూపించింది. నేను సర్వీసంతా వార్డులో గడిపినదాన్ని, నాకు తెలుసు, కార్డు ఒక్కటే చాలదు. మంచం ఉండాలి, డాక్టరు ఉండాలి, రాత్రిపూట ఎత్తుకెళ్ళడానికి బండి ఉండాలి. మంచం ఎక్కితేనే ఈ కార్డు పనిచేస్తుంది, అప్పాయమ్మ రోజూ మింగే బీపీ బిళ్ళలకి పనిచేయదు. అదే అంటే నాన్న, "ఏమీ లేనినాడు ఏం జరిగిందో మర్చిపోయావా" అన్నారు.

మర్చిపోలేదు. నీకు కూడా కొంత గుర్తుండాలి, నువ్వప్పుడు ఇంటర్ చదువుతున్నావు. మా అన్నయ్యలిద్దరికీ ఒకే ఏడాది గుండెజబ్బు బయటపడింది. పెద్ద మావయ్య ఆంధ్రా వైపు పాతపట్నంలో, చిన్న మావయ్య ఇల్లరికం వచ్చి ఇక్కడ ఒడిశాలో. మధ్యలో ఉన్నదల్లా మహేంద్రతనయ ఏరు. వాళ్ళింట్లో పోపు వేస్తే వీళ్ళింట్లో తుమ్ములొచ్చేంత దూరం అని మీ తాతయ్య అనేవారు. ఇద్దర్నీ విశాఖపట్నంలో ఒకే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ముందు పెద్దాయన. అత్తయ్య తెల్ల రేషన్ కార్డు తీసింది. అక్కడ ఆరోగ్యమిత్ర అని ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు, కార్డు చూసుకుని, ఏవో కాగితాలమీద వేలిముద్రలు వేయించుకుని, "మీరెళ్ళి కూర్చోండమ్మా" అన్నాడు. ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మొదటి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, 2007 ఏప్రిల్లో. అందుకని వాళ్ళకి ఆ దారులన్నీ అప్పటికే తెలుసు. లక్షన్నర దాకా గవర్నమెంటు ఇస్తుంది, చాలకపోతే ఇంకో యాభై వేలు. ఆపరేషన్ అయింది, అత్తయ్య చేతి నుంచి పోయినవి టిఫిన్ ఖర్చులు, ఆటో ఖర్చులు.

కొన్ని నెలలకి చిన్నాయన. నేనే వెంట వెళ్ళాను, నర్సుని కదా, మాట చెల్లుతుందని. అదే కుర్రాడు. కార్డు ఇచ్చాం. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇది ఒరిస్సాది కదమ్మా" అన్నాడు. చిన్న మావయ్యకి నొప్పిలో కూడా వేళాకోళం పోలేదు, "బాబూ, నేను పుట్టింది మీ శ్రీకాకుళం జిల్లాలోనే, పెళ్ళి కోసం ఏరు దాటాను, దానికి ఇంత శిక్షా" అన్నాడు. ఆ కుర్రాడూ నవ్వాడు పాపం, వాడేం చేస్తాడు. కోటా సాయిబు దగ్గర, బాబూరావు దగ్గర చేబదుళ్ళు తెచ్చి అడ్వాన్సు కట్టాం. ఆపరేషన్ బాగానే చేశారు. ఆ తర్వాత ఏటి ఒడ్డున కొబ్బరిచెట్లున్న భూమి చెక్క అమ్మేశారు. నువ్వు ఎండాకాలం సెలవల్లో ఉయ్యాల కట్టించుకునేదానివే, అదే. కొన్నది మనవాళ్ళు కూడా కాదు. చిన్నత్తయ్య ఇప్పటికీ ఆ దారిన నడవదు, చుట్టూ తిరిగి బజారుకెళ్తుంది. ఇప్పుడు కొత్త కార్డు దేశంలో ఎక్కడైనా, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుందట. చిన్న మావయ్యకి ఆ మాట చెబితే, "భూమి కూడా తిరిగొస్తుందా" అన్నాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే. గుర్తొచ్చింది.

సరోజక్క కొడుకుతో నేను మాట్లాడాను. కోప్పడకు, వాడే ఫోన్ చేశాడు. అంటే, నేను మిస్డ్ కాల్ ఇస్తే వాడు చేశాడు. మీ అమెరికా గొడవంతా చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాను. 2010 మార్చిలో ఒబామా సంతకం పెట్టిన చట్టమట. 2014 నుంచి ప్రతివాళ్ళూ ఇన్సూరెన్సు తీసుకోవాల్సిందే, లేకపోతే జరిమానా. మనిషికి 695 డాలర్లో, ఆదాయంలో రెండున్నర శాతమో, ఏది ఎక్కువైతే అది కట్టే దాకా వచ్చిందట. నన్ను కొనమని బలవంతపెట్టడానికి గవర్నమెంటు ఎవరు అని కోర్టుకెక్కారు. 2012లో సుప్రీంకోర్టులో అయిదుగురు అటు, నలుగురు ఇటు అయి, అది పన్నులాంటిదే, చెల్లుతుంది అన్నారు. ట్రంప్ వచ్చాక చట్టాన్నే తీసేయబోతే మెకెయిన్ అనే ఆయన, ట్రంప్ పార్టీ మనిషే, సెనేట్లో బొటనవేలు కిందికి చూపించి అడ్డుపడ్డాడు. అయినా ఆ 2017 చివర్లోనే జరిమానా సున్నా చేసేశారు, 2019 నుంచి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటివి సొంతంగా జరిమానా పెట్టుకున్నాయి, మీ టెక్సాస్‌లో అదీ లేదు. దేశం మొత్తం మీద ఇన్సూరెన్సు లేనివాళ్ళ శాతం మీ టెక్సాస్‌లోనే ఎక్కువట! వెతికి వెతికి అక్కడికే వెళ్ళారు.

నువ్వు దసరా ముందు ఒకసారి అన్నావు, "ఇప్పుడిక్కడ అది కంపల్సరీ కాదమ్మా" అని. నేను మామూలు కబురే అనుకున్నాను. కంపల్సరీ కాకపోతే? హెల్మెట్ కంపల్సరీ కాని రోజుల్లో కూడా నాన్న పెట్టుకున్నారు, కాశీనగర్ రోడ్డు మలుపులో బతికి బయటపడ్డారు.

నాన్న పెళ్ళికి ముందు విజయనగరంలో జూట్ మిల్లులో చేశారు కదా. జీతంలోంచి ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, కోసేవారు, 1948 నాటి చట్టం, ఇష్టాయిష్టాలతో పని లేదు. ఇప్పుడు 21 వేల లోపు జీతమైతే కార్మికుడి నుంచి ముప్పావు శాతం, యజమాని నుంచి మూడుంపావు శాతం. అప్పుడు కుర్ర కార్మికులంతా గొడవ పెట్టేవారట, మేం దుక్కల్లా ఉన్నాం, ముసలాళ్ళ దగ్గులకి మా డబ్బులెందుకు అని. అలా గట్టిగా అరిచినవాళ్ళలో నాన్న ఒకరు. మీ దేశంలో అరిచేదీ అదే కదా. కానీ దుక్కల్లా ఉన్నవాళ్ళు తప్పుకుంటే మిగిలేది జబ్బుమనుషులు, వాళ్ళ ఖర్చంతా వాళ్ళమీదే పడుతుంది, ప్రీమియం పెరుగుతుంది, పెరిగిందని ఇంకొందరు మానేస్తారు. కొనమని బలవంతపెడితే జనానికి కోపం వస్తుంది, మానేస్తే జబ్బుమనిషి మునుగుతాడు. ఎటు చూసినా నాకు బలవంతమే మేలనిపిస్తుంది. నాన్న ఇప్పుడు నా పక్షమే.

అక్కడ ఒక మంచి ఉంది, పాత జబ్బు ఉందని ఇన్సూరెన్సు ఇవ్వం అనకూడదట. అది విని, ఏదైనా వస్తే అప్పుడు తీసుకుందాంలే అని అల్లుడుగారు లెక్క వేసుంటారు. ఎప్పుడంటే అప్పుడు ఇవ్వరట కదా! నవంబరు 1 నుంచి జనవరి 15 దాకానే. అందులోనూ డిసెంబరు 15 లోపు చేరితేనే జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. ఉద్యోగం మానిన 60 రోజుల్లో పాత కంపెనీదే మన డబ్బుతో కొనసాగించుకోవచ్చట, ఆ గడువు దాటిపోయిందో లేదో నువ్వే చూసుకో. ప్రీమియం భారమని నాకూ తెలుసు. గవర్నమెంటు ఇచ్చే అదనపు సాయం ఈ 31తో ఆగిపోతుందనే కదా, ఆ గొడవలోనే అక్టోబరు 1 నుంచి 43 రోజులు ఆఫీసులు మూసుకుని కూర్చున్నారు. పేపర్లో రోజూ చదివాను. మా అమ్మాయికి ఏం సంబంధం అనుకున్నాను.

ఇంకో మాట. మొన్న ఆదివారం వీడియోలో నీ కుడి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ ఉంది. "తలుపు తగిలిందమ్మా, ఏం లేదు" అన్నావు. ఆ కట్టు ఆసుపత్రిలో కట్టింది కాదు అమ్ములూ. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా, చివర సేఫ్టీపిన్ను ఎడమచేత్తో గుచ్చింది. నువ్వే కట్టుకున్నావు. ఎక్స్-రే తీయించావా? తీయించలేదు కదూ? ఎందుకు తీయించలేదో నేను అడగను. బొటనవేలి మొదట్లో గుంటలా ఉంటుంది చూడు, వేలు పైకి లేపితే కనిపిస్తుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకు, అక్కడి ఎముక విరిగితే మొదట ఎక్స్-రేలో కూడా సరిగా కనిపించకపోవచ్చు, ఆలస్యమైతే అతుక్కోకపోవచ్చు. ఆ చేత్తో చిన్నదాన్ని ఎత్తకు. గిన్నెలు అల్లుడుగారు తోమితే చేతులు అరిగిపోవు.

డబ్బు సంగతి. నాన్న మార్చిలో మెచ్యూర్ అయ్యే డిపాజిట్ ముందే తీసేస్తానంటున్నారు. వద్దన్నాను, వడ్డీ పోతుంది. నా పెన్షన్లో మిగిలింది వేరే ఉంది, అది పంపుతాను, మొదటి రెండు నెలలకి చాలకపోతుందా. అప్పు అనుకోండి మీకు నామోషీగా ఉంటే. మీ అత్తగారికి చెప్పను.

రాజమండ్రి నుంచి బాబాయి కూతురు జనవరి పదో తారీఖున డాలస్ బయలుదేరుతోంది. దానితో బరంపురం అప్పడాలు, కందిపొడి, చిన్నదానికి ఉలెన్ టోపీ, ఇంకో రెండు మంచి క్రేప్ బ్యాండేజీలు పంపుతున్నాను. పచ్చడి కారుతుందని అది తీసుకెళ్ళనంటోంది, చూద్దాం.

15 లోపు చేరి, కార్డు వచ్చాక రెండువైపులా ఫోటో తీసి పెట్టు. ముందువైపు ఒక్కటే పెడితే నాన్న ఊరుకుంటారేమో గానీ నేను ఊరుకోను, వెనకే కదా ఫోన్ నంబర్లుండేవి. ఈ ఉత్తరం అల్లుడుగారికి చూపించకు. చూపిస్తే గిన్నెల సంగతి ఉన్న పేజీ తీసేసి చూపించు.

మీ అమ్మ