పద్దులోకి రాని పని

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లాడి నాన్నగారు ఫోన్ చేశారు. "మేడమ్, మావాడు పొద్దున అయిదున్నరకే లేచి వంటింటి గుమ్మం దగ్గర నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటున్నాడు. వాళ్లమ్మ ఏ పని చేస్తే ఆ పని టైమ్‌తో సహా రాసుకుంటున్నాడు. ఇదంతా పరీక్షకు వస్తుందా?" అని అడిగారు. కోపంతో కాదు, అర్థం కాక అడిగారు. మీలో చాలామందికి ఇదే సందేహం ఉండి ఉంటుంది. అందుకే ఈసారి వార్తాలేఖలో తెలుగు ఇళ్లకు వెళ్లే ఉత్తరం నేనే రాస్తానన్నాను.

పరీక్షకు కొంతవరకు వస్తుంది. సీబీఎస్ఈ పదో తరగతి ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠమే 'అభివృద్ధి'. తలసరి ఆదాయంలో కేరళ కంటే ముందున్న హర్యానాలో పసిపిల్లల చావులు ఎందుకు ఎక్కువ అనే ప్రశ్న అందులో ఉంది. 2020 లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు కేరళలో 6, హర్యానాలో 28. డబ్బు ఎక్కువున్న చోట పసిబిడ్డకు ప్రమాదం ఎక్కువగా ఉందంటే, మనం కొలిచే కొలతలో ఏదో తప్పిపోతోందన్నమాట. ఆ తప్పిపోయినదేమిటో పిల్లలు సొంతంగా వెతకాలని మా సోషల్ టీచర్లు ఏడాది ముందే, తొమ్మిదిలోనే, ఈ పని మొదలుపెట్టారు.

ఆదాయాన్ని కొలిచే ఆ కొలతకు మూలం జీడీపీ. జీడీపీ అంటే దేశంలో ఒక ఏడాదిలో తయారైన తుది సరుకులు, సేవల మొత్తం విలువ. అది పనికిరాని లెక్క అని మేం చెప్పడం లేదు. ఉద్యోగాలు పెరుగుతాయా, ప్రభుత్వానికి పన్నులు ఎంత వస్తాయి అన్నది అంచనా వేయడానికి అది కావాలి. కానీ ఆ లెక్కకు రూపం ఇచ్చిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లోనే, జాతీయ ఆదాయాన్ని చూసి ప్రజల బాగోగులు తేల్చలేమని అమెరికా చట్టసభకు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు. మన దేశంలో ఈ లెక్కకు పునాది వేసినవాళ్లలో ఒకరైన వి.కె.ఆర్.వి. రావుగారు 1931-32 నాటి బ్రిటిష్ ఇండియా ఆదాయాన్ని లెక్కగట్టారు. ఆయనే 1972లో మన బెంగళూరులో సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థను స్థాపించారు. నాగరభావి వైపు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి.

ఇక నోట్‌బుక్ సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

మా అమ్మ మదనపల్లె దగ్గర పల్లెలో గేదెలు పెట్టుకుని మమ్మల్ని పెంచింది. ఆ పాలు అమ్మకుండా మేమే తాగినా, నియమం ప్రకారం వాటి విలువ జీడీపీలోకి రావాలి. అవే పాలతో ఆమె పాయసం వండి పెడితే, ఆ వంట రాదు. సొంత ఇంటికోసం పండించిన సరుకును లెక్కిస్తారు. సొంతవాళ్లకు చేసిన వంట, శుభ్రం, పిల్లల పెంపకం, పెద్దవాళ్ల సేవ లెక్కించరు. ఈ నియమం చెప్పగానే క్లాసులో ఒక అమ్మాయి లేచింది. వాళ్లమ్మ పొద్దున అపార్ట్‌మెంట్‌లో రెండు ఇళ్లకు వంట చేసి, పది దాటాక ఇంటికి వచ్చి మళ్లీ వండుతుంది. "అయితే టీచర్, మా అమ్మ అక్కడ చేసిన సాంబారు దేశానికి లెక్క, మా ఇంట్లో చేసిన సాంబారు లెక్క కాదా?" అని అడిగింది. టీచర్‌కు వెంటనే జవాబు దొరకలేదు. నాకూ దొరికేది కాదు. ఆ ప్రశ్న నుంచే ఈ నోట్‌బుక్ పుట్టింది.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా ఇలాంటి సర్వేనే చేసింది. దాన్ని సమయ వినియోగ సర్వే అంటారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారని, ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అసలు రోజులో ఏదో ఒక ఇంటిపని చేసిన ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు మన పెద్దలు. ఇల్లు కనిపిస్తుంది, దాని వెనకున్న అయిదు గంటలు మాత్రం ఏ పద్దులోనూ కనిపించవు.

రెండో పని నీళ్ల గురించి. 2024 వేసవిలో మన వైపు బోర్లు ఎండిపోయి, టాంకర్ కోసం ఎంత టెన్షన్ పడ్డామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ టాంకర్లకు మనం కట్టిన డబ్బు జీడీపీలో చేరింది. బెళ్లందూరు చెరువు నురగ కక్కి, 2017లో, మళ్లీ 2018లో మంటలు అంటుకున్నప్పుడు, ఆ చెరువు పాడైనందుకు జీడీపీలోంచి ఒక్క రూపాయి కూడా తీసెయ్యలేదు. తర్వాత పూడిక తీయించిన ఖర్చు మాత్రం కలిసింది. చెరువు బాగున్నన్నాళ్లూ ఊరికి ఉచితంగా చేసిన మేలు లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. పిల్లలు ఇళ్లకు వెళ్లి తాతల్ని, పక్కింటి పెద్దవాళ్లను, ఈ చెరువు నీళ్లు ఒకప్పుడు దేనికి వాడేవాళ్లని అడుగుతారు. ఓపిగ్గా చెప్పండి.

మరి జీడీపీ కాకపోతే ఏమిటి? 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ తోడ్పాటుతో మానవాభివృద్ధి సూచిక తెచ్చారు. అందులో ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడూ ఉంటాయి. బతుకును ఒక్క అంకెలో కుదించడం సేన్‌కు మొదట ఇష్టం లేదు. జీడీపీని పక్కకు జరపాలంటే అంత సులువుగా చెప్పుకునే అంకె కావాలని హక్ ఆయన్ని ఒప్పించారు. లెక్కల టీచర్‌కు ఇందులో బాగా నచ్చినది 2010లో వచ్చిన మార్పు. అంతకుముందు మూడింటినీ కూడి మూడుతో భాగించేవారు. 2010 నుంచి గుణించి ఘనమూలం తీస్తున్నారు. 0.9, 0.9, 0.3 తీసుకుంటే పాత పద్ధతిలో 0.70 వస్తుంది, కొత్త పద్ధతిలో సుమారు 0.62. పప్పు ఎంత వేసినా ఉప్పు లోటు తీరదు కదా. ఒకదానిలో బాగా వెనకబడితే మిగతావి దాన్ని పూర్తిగా కప్పిపుచ్చలేవు.

భూటాన్ సంగతి పిల్లలకు చాలా నచ్చింది. అక్కడ స్థూల జాతీయ ఆనందాన్ని తొమ్మిది రంగాల్లో కొలుస్తారు. మనసు నెమ్మది, నిద్రకూ పనికీ దొరికే సమయం, ఇరుగుపొరుగు, అడవి కూడా వాటిలో ఉన్నాయి. అయితే ఆ దేశం నుంచి కూడా యువత ఉద్యోగాల కోసం ఆస్ట్రేలియా వెళ్తోందని టీచర్ దాచకుండా చెప్పారు. అలా చెప్పాలి కూడా.

ఆ తర్వాత పిల్లలు గుంపులుగా కూర్చుని మన వీధులకు సొంత సూచిక తయారుచేశారు. అప్పుడు పెద్ద గొడవే అయింది. టాంకర్ మీద బతికే ఇళ్ల పిల్లలు నీళ్లకు ఎక్కువ మార్కులు పెట్టారు. రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు రోడ్డుకు పెట్టారు. ఆడపిల్లలు వీధి దీపాలకు పెట్టారు. మగపిల్లల్లో ఒక్కరికీ అది తట్టలేదు. ఒకే వీధి ఒక గుంపు లెక్కలో పాసై, ఇంకో గుంపు లెక్కలో ఫెయిలైంది. ఏది ముఖ్యమో ఎవరు నిర్ణయిస్తున్నారో దాన్నిబట్టి అంకె మారుతుందని ఆ రోజు వాళ్లకు తెలిసింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇన్నేళ్లలో నాకు అంత తృప్తినిచ్చిన క్లాసులు ఎక్కువ లేవు.

ఇంటి విషయాలు బయటికి వస్తాయేమోనని కొందరు అమ్మలు జంకారు. నోట్‌బుక్ మీద పిల్లల పేరు ఉండదు. జీతాలు, అప్పులు, గొడవలు ఏవీ రాయకూడదని గట్టిగా చెప్పాం. పని, దానికి పట్టిన సమయం, అంతే. అదీ వద్దనుకుంటే డైరీలో ఒక్క మాట రాయండి, పిల్లలకు వేరే పని ఇస్తాం, మార్కులు తగ్గవు.

నోట్‌బుక్‌లు శనివారానికి కావాలి. ఇప్పటిదాకా వచ్చినవి తిరగేశాను. చాలావాటిలో 'నాన్న' అన్న కాలమ్ ఖాళీగా ఉంది. నాన్నలు ఏమీ చేయక కాకపోవచ్చు, పిల్లలు అడగకపోయి ఉండవచ్చు. నాన్నగారూ, పాపకు జడ వేసినా, గ్యాస్ స్టవ్ తుడిచినా, నానమ్మకు రాత్రి మందులు ఇచ్చినా పిల్లల్ని పిలిచి రాయించండి. నాకు ఫోన్ చేసిన నాన్నగారు ఈ ఆదివారం పొద్దున్నుంచి రాత్రిదాకా తన కాలమ్ నింపుతానన్నారు. ఆ పేజీ కోసం చూస్తున్నాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు