వార్షిక నివేదిక 2025: హాల్ఫ్‌డాన్‌తో గడిచిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 2 రాగానే డెన్మార్క్ కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టినరోజని పిల్లలకి ఓ కథ చదివి, తలా ఒక కేకు ముక్క పెట్టి పంపేయడం మనకి అలవాటైపోయింది. "ఈ దేశంలో పిల్లల కోసం రాసినవాళ్లు ఇంకెవరూ లేరా?" అని పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు నిలదీశారు. కార్యవర్గం దగ్గర జవాబు లేదు. పిల్లల దగ్గర మాత్రం ఉంది. "బళ్లో పాడేవి ఎవరివి?" అని అడిగితే సగం మంది ఒకే పేరు చెప్పారు: హాల్ఫ్‌డాన్. ఇంటిపేరు ఎవరికీ తెలియదు. మన పెద్దలకైతే ఆ పేరు కూడా తెలియదు. ఇన్నేళ్లుగా కోపెన్‌హాగెన్‌లో ఉంటున్నాం!

అలా ఈ ఏడాది డేనిష్ కవి హాల్ఫ్‌డాన్ రాస్ముసెన్‌ది అయింది. ఆయన పుట్టింది 1915 జనవరి 29న, ఇదే ఊళ్లో. కాబట్టి మొదటి సమావేశం ఆయన 110వ పుట్టినరోజున పెట్టుకున్నాం. చలి వల్ల కొందరు రాలేదు. వచ్చినవాళ్లకి మిరపకాయ బజ్జీలు మిగిలిపోయేన్ని దొరికాయి.

పిల్లల కవి కదా, జీవితమంతా సరదాగా గడిచి ఉంటుందనుకున్నాం. కాదట. మొదటి పుస్తకం 1941లో వచ్చింది. అప్పటికి డెన్మార్క్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది. ఆ పుస్తకం పేరుకి తెలుగులో 'సైనికుడా, మనిషా' అని అర్థం. ఆక్రమణకి ఎదురు నిలిచినవాళ్లలో ఆయనా ఒకరు. యుద్ధం ముగిశాకే నవ్వుల వైపు తిరిగారు. 1951 నుంచి 1957 దాకా 'టోసరియర్' అనే వరస పుస్తకాలు తెచ్చారు. ఆ మాటకి పిచ్చి పనులు, తిక్క చేష్టలు అని చెప్పుకోవచ్చు. పెద్దల కోసం రాసిన ఈ తిక్కే తర్వాత పిల్లల పాటల్లోకి వచ్చింది.

మే 4 రాత్రి ఇక్కడివాళ్లు కిటికీల్లో కొవ్వొత్తులు పెడతారని మనందరికీ తెలుసు. 1945లో ఆ సాయంత్రమే జర్మన్ల లొంగుబాటు వార్త లండన్ రేడియోలో వచ్చింది. దీపావళిలా ఉందని మనమూ వెలిగిస్తూనే ఉన్నాం. ఈసారి మాత్రం ఎందుకు వెలిగిస్తున్నామో తెలిసి వెలిగించాం.

ఇక ఏడాది మొత్తంలో అసలైన సందడి 'హాల్ఫ్‌డాన్స్ ఎబిసి'ది. 1967లో వచ్చిన ఈ అక్షరమాలకి ఇబ్ స్పాంగ్ ఓల్సెన్ బొమ్మలు వేశారు. ఓల్సెన్‌కి 1972లో పిల్లల పుస్తకాల చిత్రకారులకిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది. ఒక్కో అక్షరానికి ఒక చిన్న పద్యం, అందులో అదే అక్షరం మళ్లీ మళ్లీ తగులుతుంది. మన తెలుగు మాస్టారు రెండు పేజీలు విని, "వృత్త్యనుప్రాస! దీనికింత హడావుడి దేనికి?" అన్నారు. "అయితే మనకీ ఒకటి రాయండి" అని పిల్లలు ఆయన్నే పట్టుకున్నారు.

ఆరు శనివారాలు అందులోనే పోయాయి. అనువాదం చేద్దామన్నవాళ్లు రెండో వారానికే చేతులెత్తేశారు. అర్థం తెలుగులోకి వస్తుంది, చప్పుడు అక్కడే ఉండిపోతుంది. అందుకని సొంతంగా రాసుకున్నాం. 'చ'కి పిల్లలు కట్టింది ఇది:

చిట్టి చీమ చెప్పు చినిగింది,
చిలక చేతికి చెక్కు చేరింది,
చేప చూసి చీదరించింది:
చెరువులో చెల్లదు, చింతాకు చాలంది.

చేపకి చెక్కుతో ఏం పనని ఒక తండ్రిగారు చాలాసేపు వాదించారు. పిల్లలు ఆయన్ని జాలిగా చూశారు.

'ణ', 'ళ' దగ్గర బండి ఆగిపోయింది. వాటితో మొదలయ్యే మాట మనకి లేదు. డేనిష్‌లో క్యూ, ఎక్స్‌లకీ ఇదే తిప్పలు, సొంత మాటలు దాదాపు ఉండవు. వాళ్ల అక్షరమాలలో చివరిదైన, 'ఓ'లా పలికే అక్షరం, నెత్తిన సున్నా పెట్టుకున్న ఏ (Å), అధికారికంగా వచ్చిందే 1948లో. అంటే ఈ పుస్తకం నాటికి దానికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. 'ళ'ని పద్యం చివర కూర్చోబెడదామని ఒక పాప తీర్పు చెప్పింది. కార్యవర్గం ఆమోదించింది.

డిసెంబరులో హాల్ఫ్‌డాన్ రాసిన, మంచు మనిషి ఫ్రాస్ట్‌కీ, 'ఫ్రోకెన్ టో'కీ మధ్య ప్రేమ పాట ఆడించాం. 'ఫ్రోకెన్' అంటే కుమారి, 'టో' అంటే మంచు కరగడం. ఆవిడ దగ్గరికొస్తే అతగాడి గతేమిటో ఊహించుకోవచ్చు. మంచే పడని ఊళ్లనుంచి వచ్చిన మనకి ఆ పేరుకి మాట ఎక్కడిది? డేనిష్‌లో 'టో'కి చెరువు అనే అర్థమున్న 'సో' ప్రాస కుదిరింది. మనవాళ్లు 'కుమారి కరుగు, పక్కన చెరువు' అన్నారు. ఇది మాత్రం మూలానికి తీసిపోలేదని నా అభిప్రాయం.

అక్టోబరు సభ సరిగా జరగలేదని ఒప్పుకోవాలి. హాల్ఫ్‌డాన్ మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కోసం రాసిన కవిత మీద పెద్దల చర్చ పెట్టాం. తనని భయపెట్టేది తలారీ కాదు, ద్వేషమూ చిత్రహింసా కాదు, లోకం కళ్లు మూసుకుని పట్టనట్టు ఉండిపోవడమే అంటారందులో. చర్చకి నలుగురం వచ్చాం. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉందని తేదీ నిర్ణయించేటప్పుడు నేను చూసుకోలేదు. తప్పు నాదే. ఆయన 2002 మార్చి 2న కన్నుమూశారు కాబట్టి వచ్చే మార్చిలో అదే చర్చ మళ్లీ పెడుతున్నాం.

డేనిష్ ఇంకా పట్టుబడని తల్లిదండ్రులకి అమెరికా కవయిత్రి మెరిలిన్ నెల్సన్ ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకాలు పనికొచ్చాయి. పిల్లలు మాత్రం వాటిని విని పెదవి విరిచారు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా ఇస్తారు. అందులో లైబ్రరీ జరిమానా అనే పద్దు చూసి ఆశ్చర్యపోకండి. 'ఎబిసి' పుస్తకం ఒక సభ్యుల ఇంట్లో ఇంకా ఉంది. ఎవరింట్లో ఉందో వారికి తెలుసు. దయచేసి ఈ వారంలోగా తిరిగి ఇచ్చేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి