తీరిక వేళల్లో చదువు చెబుతారట!

సంపాదకుడు గారికి,

మారుమూల పల్లెలో ఉంటూ పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న మిషనరీ కుటుంబం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. తర్వాత మీరు వేసిన ఉత్తరాలతో ఇంకాస్త పెరిగింది. ఒకాయనేమో 'బడి లేదు, పరీక్షల టెన్షన్ లేదు, అదృష్టవంతులు' అని మురిసిపోయారు. ఇంకొకాయన 'పిల్లల్ని బోర్డింగ్‌లో వేయొచ్చుగా' అని సలహా పారేశారు. ఆ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. వాళ్లననీ లాభం లేదు, వ్యాసం చెబితేగా!

నేను అలాంటి ఇంట్లోనే ముగ్గురు పిల్లల్ని పెంచాను. మీ వ్యాసం నిండా వాగులో ఈతలు, చెట్లెక్కడాలు, లాంతరు వెలుగులో కథలు. భర్తగారి సేవ గురించి కాలమ్‌ల కొద్దీ రాశారు. భార్య గురించి మాత్రం ఒకే వాక్యం, తీరిక వేళల్లో పిల్లలకు చదువు చెబుతారని. ఆ తీరిక ఎక్కడ దొరుకుతుందో మీ విలేకరి చెబితే నేనూ కొంత తెచ్చుకునేదాన్ని.

పెద్దవాడికి భిన్నాలు చెబుతుంటే గుమ్మంలో ఎవరో కాలి గాయంతో నిలబడతారు. ఊళ్లో ఆసుపత్రి లేదు, మందుల పెట్టె ఉన్నది మా ఇంట్లోనే. గాయం కడిగి కట్టు కట్టి వచ్చేసరికి వాడు పెన్సిల్ సగం దాకా చెక్కేసి ఉంటాడు, రెండోది వాడి నోటు పుస్తకంలో పిల్లి బొమ్మ వేసి ఉంటుంది, చిన్నది కనపడదు. మళ్లీ హారం అంటే ఏమిటి దగ్గర్నుంచి మొదలు. వానాకాలం వస్తే పుస్తకాలు ఉబ్బి అట్టలు ఊడతాయి, ఊడనివాటి సంగతి చెదలు చూసుకుంటాయి. మబ్బు పట్టిందంటే సోలార్ బ్యాటరీ పడుకుంటుంది. ఉన్న ఒక్క కంప్యూటర్ మీద ముందు ఆయన రిపోర్టా, పిల్లల పాఠమా అని రోజూ పంచాయితీ. అందరూ పడుకున్నాక రేపటికి మూడు తరగతుల పాఠాలు సిద్ధం చేసుకోవాలి. ఇదంతా చేసినా దాతలకు వెళ్లే ఉత్తరంలో మిషనరీ భార్య 'సహధర్మచారిణి', అంతే.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అన్నట్టు రాయడం ఇంకో విడ్డూరం. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఉన్న కాల్వర్ట్ స్కూల్ 1906లోనే ఇంటి చదువుకు కావలసిన పాఠాలు పోస్టులో పంపడం మొదలుపెట్టింది. దూర దేశాల్లో ఉన్న మిషనరీల ఇళ్లకూ ఆ పాఠాలు వెళ్లేవి. ఇక బోర్డింగ్ సలహా ఇచ్చినాయన కోసం ఒక మాట. చైనా ఇన్‌లాండ్ మిషన్ అనే మిషనరీ సంస్థ వాళ్లు 1881లో చైనాలోని చీఫూ ఊళ్లో అలాంటి బోర్డింగ్ బడే పెట్టారు. అమ్మానాన్నల మొహం ఏళ్ల తరబడి చూడకుండా పెరిగిన పిల్లలు అక్కడ ఎందరో. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఆ బడి పిల్లల్ని టీచర్లతో సహా నిర్బంధ శిబిరానికి తరలించింది. 1945లో గానీ వాళ్లు బయటపడలేదు. ఇంత కథ ఉంటే మీ వ్యాసంలో ముక్క లేదు. ఫొటోలకు మాత్రం రెండు పేజీలు!

అధికారుల సంగతి సరేసరి. పెద్దవాడు పై చదువుకు దరఖాస్తు పెట్టినప్పుడు 'చివరగా చదివిన పాఠశాల' అనే గడి దగ్గర ఆగిపోయాం. ఖాళీగా వదిలితే కంప్యూటర్ తీసుకోదు. 'ఇల్లు' అని రాస్తే గుమాస్తా నవ్వి, టీసీ పట్టుకురమ్మన్నాడు. ఎవరివ్వాలి, నేనా? దేశానికో రూలు మరి. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, షరతులు మాత్రం రాష్ట్రానికో రకం. చేయదలచుకుంటే దారి లేకపోలేదు. ఇరుగూపొరుగూ లేని చోట పెరిగే పిల్లల కోసం ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి 1951లోనే రేడియోలో పాఠాలు మొదలుపెట్టారు.

ఇంటి చదువులో లోటు లేదని నేననను. ఈడు పిల్లలతో కలిసి తిట్టుకుంటూ కొట్టుకుంటూ పెరగడం వేరు. మా పిల్లలకది తక్కువే. కానీ మీ విలేకరి అడగాల్సిన అసలు ప్రశ్న అడగలేదు: ఆ ఊళ్లో బడి నడుస్తోందా? మా ఊళ్లో బడి ఉండేది, తాళంతో. టీచరు జీతం తీసుకునేవాడనే అనుకుంటాను, మనిషి కనబడలేదు. ఊరి పిల్లలు మా కిటికీ చువ్వలు పట్టుకుని లోపలి ఎక్కాలు వింటూ వల్లె వేసేవాళ్లు. చివరికి వాళ్లనీ వరండాలో కూర్చోబెట్టాను, నా 'తీరిక' ఇంకాస్త పెరిగింది. ఎన్ని అర్జీలు పెట్టినా పరిశీలిస్తామనే జవాబే. ఈసారి ఆ ఊరికి వెళితే వాగు ఫొటోలు చాలుగానీ, బడి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, ఆ శాఖవాళ్ల జవాబుతో సహా ఒక్క కాలమ్ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు